ఏసీ గదిలో సవతి

"లూపు పడిందండీ!" అని బెజవాడ నుంచి వచ్చిన ఇంజినీరు విశ్వతేజ ఏసీ గదిలోంచి కేకేశాడు. గుమ్మంలో ఉన్న మా అత్తగారు గిరుక్కున తిరిగి నా పొట్టకేసి చూశారు.

"ఈ వయసులో నీకు లూపేంటే, పరమేశ్వరీ?"

"నాక్కాదు అత్తయ్యా, కంప్యూటర్లని కలిపే ఆ స్విచ్చి పెట్టెకి. ఒకే వైరు రెండు చివర్లూ దాంట్లోనే గుచ్చేశారట. పంపిన కబురు బయటికి పోకుండా లోపలే గిరగిరా తిరుగుతోందట."

ఆవిడ చూపు నా పొట్ట మీంచి చేతుల మీదికి దిగింది. "ఎవరో కుళ్లుబోతులే గుచ్చుంటారు."

మావారు భాస్కరరావుగారూ నాకేసే చూశారు. దసరా మర్నాడు మా ఎరువుల కొట్లు తెరిస్తే తిరువూరులో, గంపలగూడెంలో, ఎ.కొండూరులో, మూడు చోట్లా కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. కింద ఎరువులకొచ్చిన రైతులు గోల.

కుళ్లు మాట నిజమే. ఈ పెట్టె రాకముందు మూడు కొట్లకీ స్విచ్చిని నేనే! ఒక చెవిలో గంపలగూడెం, ఇంకో చెవిలో కొండూరు, మధ్యలో పోపు. ఏ కొట్లో యూరియా ఎంతుందో గరిటె పట్టుకునే చెప్పేదాన్ని. నడుం నొప్పంటే "మేనేజ్ చేసుకోవోయ్" అనేవారు మావారు. మొన్న శ్రావణంలో ఇది దిగింది. పేరు మేనేజ్డ్ స్విచ్చట! దాన్ని మేనేజ్ చెయ్యడానికి మాత్రం బెజవాడ నుంచి మనిషి రావాలి. దానికి ఇరవైనాలుగు పోర్టులు, నాకు ఇరవైనాలుగ్గంటలూ పోరు. అది వేడెక్కకూడదని ఏసీ. నేను వేడెక్కితే ఒళ్లు పొగరు. ఆయనే మెత్తటి గుడ్డతో దాన్ని తుడుస్తూ, "ఆ పచ్చ దీపాలు ఎలా మిలమిలలాడుతున్నాయో చూడు" అని మురిసిపోతుంటే, నా మొహాన్ని అంత తీరిగ్గా ఎప్పుడు చూశారా అని లెక్కలేసుకున్నాను. వైరుతోపాటే వైరమూ వచ్చింది మా ఇంటికి. మనిషి సవతైతే జుట్టు పట్టుకుందును. దీనికి అదీ లేదాయె. పీకి పారేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో! కానీ వేలు కూడా పెట్టలేదు.

విశ్వతేజ వైరు లాగి చూపించాడు. రెండు చివర్లకీ గంధం, కుంకుమ. "పూజప్పుడు ఎవరు గుచ్చారండీ?"

మళ్లీ అందరూ నావైపే.

"అత్తయ్యా, నిన్న పూజప్పుడు నేనెక్కడున్నాను?"

ఆవిడ గొంతు తగ్గించేశారు. "పెరట్లో... దూరం కదా."

నా నీడ పడితే కొత్త పెట్టె పాడైపోతుందని చాపా గ్లాసూ విడిగా పడేసి కూర్చోబెట్టింది ఆవిడే.

మావారు చెవి గోక్కున్నారు. "ఆ వైరు పక్కన ఊరికే పడుంటే దానికీ బొట్టు పెట్టా. పెట్టెలో రెండు కన్నాలు ఖాళీగా కనిపించాయి. పండగపూట బోసిగా ఎందుకని..."

ఫోను మోగింది. గంపలగూడెం నుంచి గుమాస్తా ఏడుకొండలు. "ఏదో కాలిపోయిందని చెప్పెయ్" అన్నారు మావారు. నేను స్పీకరు నొక్కాను.

"ఏడుకొండలూ, కొండూరు వాళ్లక్కూడా చెప్పు. కుళ్లుకున్నది నేను, గుచ్చింది మీ సారు. నేనెందుకు గుచ్చలేదంటే, నిన్నటిదాకా మూడు రోజులూ నేను ముట్టు. పెరట్లో కూర్చోబెట్టారు."

ఇంట్లో గుసగుసగా తప్ప పలకని మాట గంపలగూడెం దాకా వెళ్లిపోయింది. అత్తగారు చెవులు మూసుకున్నారు. నేను లోపలికెళ్లి మావారి కుర్చీలో కూర్చున్నాను. అబ్బ, ఎంత చల్లగా ఉందో!

"అత్తయ్యా, ఈసారి నా చాప ఇక్కడ వెయ్యండి."