మత్తయి పాడె

వైశాఖ మధ్యాహ్నమున ప్రచండమార్తాండుని కిరణతాపమునకు పల్నాటి నాపరాతి గోడలు సెగలు గ్రక్కుచుండ, ఎండి బీటలువారిన చేల మీద గ్రద్దలు వలయములుగా తిరుగుచుండ, కలరా యను విషూచీవ్యాధి వాత బడిన ఆ క్రైస్తవపల్లె తలుపులన్నియు మూసికొని ఊపిరి బిగబట్టి యుండెను. రోగులు వెరచుచున్నారని దేవాలయపు గంటను సైతము మ్రోగించుట మానిరి.

అట్టి వేళ సంఘగురువైన దేవవరము తన వాకిట బండి యెక్కబోవుచుండెను. వాగ్ధాటియందు అసమానుడును ధవళవస్త్రశోభితుడును సన్మానప్రియుడునగు ఆతనిని మండలమందలి సంఘములన్నింటికి అధ్యక్షునిగా ప్రతిష్ఠింప నిశ్చయించి పెద్దలు పట్టణమున వేచియుండిరి. ఈ సమయమున పల్లెకు దిక్కెవరని భార్య మార్తమ్మ అడుగగా, అధ్యక్షుడైన పిదప వైద్యులను పంపించెదనని బదులు చెప్పెను. ఆ మాట ఆతని చెవికే బోలుగా వినబడెను.

అంతలో వీథి మలుపున ఒక పాడె కానవచ్చెను. ఊరివారి శవములను మోసి గోతులు త్రవ్వి పూడ్చుచుండిన మత్తయి ఆ ఉదయమున తానే వ్యాధికి బలియయ్యెను. బావమరదు లిరువురు తప్ప మోయుట కెవ్వరును రాకపోగా, భార్య రూతమ్మ కొంగు నడుమునకు బిగించి తానొక కొమ్మును భుజమున కెత్తికొనెను. ఆనిక లేని నాలుగవ కొమ్ము దుమ్ములో గీత గీయుచు వచ్చుచుండెను.

దేవవరము ఆ కొమ్మును పట్టుమని బండివానిని ఆజ్ఞాపించెను. వాడు తల వంచుకొని కదలకుండెను. దేవవరము మూసిన తలుపుల వైపు తిరిగి ఇంటివారిని పేరుపేరున పిలిచెను. ఒక్క గడియయు తీయబడలేదు.

రూతమ్మ పాడెను దింపి కన్నీరింకిన కన్నులతో ఆతని జూచి, "పెద్ద పదవికి పోతన్నారంట గదా అయ్యగారూ, పోయిరాండి. మా ఆయన్ని మాత్రం ఇట్టా ఈడ్సుకుంటా తీసకపోలేనయ్యా" అనెను.

ఆ కంఠమున నింద యించుకయు లేదు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును గూర్చి తాను ప్రసంగించి జనులను ఎన్నోమార్లు ఏడిపించెను గాని, ఒక్కని పాదమునైనను తాను ముట్టియెరుగడని అప్పుడు ఆతనికి స్ఫురించెను. మృత్యుభయము వీడలేదు. ఐనను అంగీ విప్పి మార్తమ్మ చేతికిచ్చి, "ఇంటిలోనికి నేను రాను. నీళ్లు అరుగు మీద పెట్టుము" అని చెప్పి, వంగి నాలుగవ కొమ్మును ఎత్తెను. శవవస్త్రపు తడి ఆతని మెడ మీదుగా రొమ్మునకు జారెను.

అధ్యక్షపీఠము మరియొకనికి దక్కెను. దేవవరము శ్మశానపు ప్రక్క పాకలో నివసించుచు గోతులు త్రవ్వుచుండెను. పిలిచినచో వచ్చుననియు ముట్టుటకు వెనుదీయడనియు ఇరుగుపొరుగు పల్లెలకు తెలిసెను.

ఒక సాయంకాలము, తన దేహమున కూడ వ్యాధి పొడచూపిన ఆ సాయంకాలమే, ఏటి ఆవలినుండి ఒకడు పరుగెత్తుకొని వచ్చుట చూచి దేవవరము ఏ యింటివారని యడుగక పార తీసికొని లేచెను. పాదములు కడిగి ప్రభువు తనవారికి చూపిన గొప్పతనపు త్రోవ, ఎదుట చీకట్లు ముసురుచున్న పల్లములోనికే దిగుచుండెను.