గోడవైపు తిరిగిన చార్టు

నేను ఒక ఫ్లెక్సీ చార్టును. నా ఒంటినిండా ఇంగ్లీషు క్రియలు, ఒక్కోదానికి మూడేసి రూపాలు. నరసరావుపేటలో స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు నడిపే రామతారకం మాస్టారు నన్ను అచ్చు వేయించి గోడకు తగిలించాడు.

ఆయన చదువు చెప్పడమంటే భజన చేయించడమే. బెత్తంతో నా మీద తాళం వేస్తే, క్లాసంతా "గో వెంట్ గాన్" అని ఎత్తుకునేది. అర్థం అడిగితే, "ముందు నోటికి రానియ్యండి, అర్థం అదే వస్తుంది" అనేవాడు. అది ఆయనకైనా వచ్చిందా అని నా అనుమానం.

ఆ భజన బృందంలో సునంద ఒకతె. పొద్దంతా బట్టల కొట్లో నిలబడి చీరలు మడతపెట్టి, వాచిన కాళ్ళతో వచ్చేది. ఎముకల ఆసుపత్రిలో రిసెప్షను ఉద్యోగం ఆమె ఆశ. "అక్కడ కుర్చీ ఉంటది సార్" అనేది. ఆ మాట వింటే నాకు జాలేసేది.

ఆసుపత్రి మేనేజరు ఇంటర్వ్యూకి మా సెంటరుకే వచ్చాడు. ఎవరూ చూసి చెప్పకుండా మాస్టారు నన్ను గోడవైపు తిప్పేశాడు.

"బ్రేక్‌కి మూడోది చెప్పమ్మా" అన్నాడు మేనేజరు.

సునంద బోడిగా ఉన్న నా వీపుకేసి చూసింది. పాట మధ్యలో అందుకోవడం ఎవరు నేర్పారు గనక! చివరికి కళ్ళు మూసుకుని, మొదటి వరస నుంచి గొంతులోనే పాడుకుంటూ వచ్చి, "బ్రోకెన్ సార్!" అని అరిచింది.

అది తప్పో ఒప్పో మేనేజరుకూ తెలీదు. "మాస్టారూ, ఆ చార్టు ఒకసారి ఇటు తిప్పండి" అన్నాడు. నా మీద వేలు పెట్టి వెతుక్కుని, "కరెక్టే" అని తలాడించాడు. ఉద్యోగం వచ్చింది.

మాస్టారు సునంద ఫొటోతో కొత్త ఫ్లెక్సీ కొట్టించి, నన్ను బజ్జీల ఏడుకొండలుకు ఇచ్చేశాడు. ఇప్పుడు అతని బండికి నేనే పైకప్పును.

నిన్న వానలో సునంద వచ్చి నా కింద నిలబడింది.

"ఇంగ్లీషు బాగా మాట్లాడుతున్నావా అమ్మాయ్?" అన్నాడు ఏడుకొండలు.

"ఎవరితో బాబాయ్? చెయ్యిరిగిందమ్మా అంటా వస్తారు, పేరు రాసుకుంటా."

"పోన్లే, కుర్చీ దొరికిందిగా."

"ఉంది. కూర్చుంటే మేనేజరు ఊరుకోడు. వచ్చినోళ్ళని నిలబడి పలకరించడమే ఇంగ్లీషు పద్ధతంట."

ఆమె ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంది. కూర్చోవడానికి నా మీద మూడు రూపాలున్నాయి. ఆ పిల్లకు ఒక్కటీ అక్కరకు రాలేదు.