వియ్యంకుల ఓడ

టైలరు చేతికి ఎంత ఒడుపుందో, నోటికి అంత దురద. చొక్కా బిగువైందని ఎవరైనా తిరిగొస్తే, "చొక్కా సరిగ్గానే ఉంది, మీ పొట్టే కొలత తప్పింది" అనేవాడు. అన్న మాట నిజమే. కానీ నిజం చెప్పి బాగుపడిన దర్జీని మీరెక్కడైనా చూశారా? బేరాలన్నీ ఎదురుకొట్టుకి నడిచిపోయాయి. ఆ నోటి పుణ్యమా అని సొంత తమ్ముడు రాకపోకలు మానేశాడు. మేడమీద అద్దెకున్న లెక్కల మాస్టారు ఇల్లు ఖాళీ చేసి పోయాడు. చివరికి కొట్టు మూసి, కుట్టుమిషను ఇంట్లో కిటికీ పక్కన పెట్టుకుని, కూతురూ అల్లుడూ ఆఫీసులకి వెళ్ళాక గోడలతో మాట్లాడుకునే దశకి వచ్చాడు. గోడలకి కోపం రాదు. వాటిలో ఉన్న సుగుణం అదొక్కటే.

అలాంటి ఇంటికి అల్లుడి తండ్రి వచ్చాడు. ఆయన వడ్రంగి. తలుపులూ కిటికీలూ మంచాలూ చేసి చేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆపరేషను అయ్యాక తన మూడో అంతస్తు గదికి మెట్లెక్కలేక, కొన్నాళ్ళుండి పోదామని పెద్దకొడుకు దగ్గరికి వచ్చాడు. పెద్దకొడుకు ఉండేది మామగారింట్లో కనుక, వడ్రంగి వచ్చిపడింది వియ్యంకుడి ఇంట్లో.

ఆయన స్నానానికి వెళ్ళగానే కూతురు తండ్రిని వంటింట్లోకి లాగింది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతా. మావయ్యని ఏమీ అనకు."

"నేనేమంటానే?"

"అదేగా భయం, ఏమంటావో నీకే తెలీదు. ఆయన మెత్తని మనిషి. నొచ్చుకుంటే తిరిగి ఒక్క మాట అనడు, చల్లగా మా మరిది దగ్గరికి వెళ్ళిపోతాడు. అక్కడా మెట్లే, ఆ మోకాళ్ళతో ఎక్కలేక చస్తాడు. నువ్వేమో మళ్ళీ గోడలతో కాపరం చెయ్యి."

ఆ మాటకి టైలరు నిజంగానే హడలిపోయాడు. ఎందుకంటే ఆ పొద్దున వడ్రంగి కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు, వానల గురించి ఏదో అన్నాడు, అని జవాబు కోసం ఆగాడు. పట్టపగలు ఇంట్లో ఒక మనిషి తన జవాబు కోసం ఆగడం ఎంత బాగుంటుందో టైలరు మర్చేపోయాడు. ఈయన్ని పోగొట్టుకోకూడదు, ఏమైనా సరే అనుకున్నాడు. ఆ క్షణంలోనే నోటికి కాజా కుట్టి బొత్తాం పెట్టేసుకున్నాడు.

ఇద్దరికీ పొద్దుపోవాలని అల్లుడు ఒక పెద్ద అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. మూడు వందల ఏళ్ళ కిందట సముద్రాలు దాటి సరుకులు మోసిన మూడు స్తంభాల తెరచాప ఓడ, దాని నమూనా చెక్కతో చేసుకునే సరంజామా. పెట్టెనిండా అగ్గిపుల్లలకి అన్నదమ్ముల్లాంటి చెక్కబద్దలు, దారపు ఉండలు, తెల్లగుడ్డ, దుప్పటంత నక్షా. నక్షా మీద రాత ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఉంది. బొమ్మలు చూసి చేసుకోవాలి.

"చెక్కపని మీది, గుడ్డపని నాది. ఏమంటారు బావగారూ?" అన్నాడు టైలరు.

"తమరెలా అంటే అలాగే బావగారూ," అన్నాడు వడ్రంగి.

కిటికీ పక్కన వెలుతురున్న కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర మొదటి పూట గడిచిపోయింది. మీరు కూర్చోండంటే మీరు కూర్చోండనుకుని, ఆఖరికి ఆ కుర్చీలో ఓడ పెట్టెని కూర్చోబెట్టి ఇద్దరూ నేలమీద చతికిలబడ్డారు. వడ్రంగి మోకాలు కలుక్కుమంది. "నేలమీదే హాయి," అన్నాడాయన పళ్ళు బిగించి.

మర్నాడు పని సాగింది. వడ్రంగి ముందు ఓడకి వెన్నుకర్ర నిలబెట్టాడు. దానికి పక్కటెముకలు అతికించాడు. వాటిమీద సన్నటి బద్దలు నీళ్ళలో తడిపి, వంచి, ఒక్కొక్కటే పరిచాడు. జన్మంతా మంచం కోళ్ళు చెక్కిన చేతులాయె, ఆ వేళ్ళ మధ్య బద్ద ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఎడంపక్క బద్దలు ఎక్కువసేపు నానాయో ఏమో, ఆరేసరికి ఓడ ఎడంపక్కకి ఉబ్బి కూర్చుంది.

టైలరు కన్ను కొలతల కన్ను. గడప దాటకముందే మనిషి నడుము ఎంతో చెప్పగలడు. ఓడని చూడగానే "పొట్టొచ్చింది బావగారూ" అన్న మాట గొంతుదాకా వచ్చి, తన్నుకుని, బయటపడబోయింది. బలవంతాన మింగాడు.

"ఆహా! ఏం ఒంపు బావగారూ!" అన్నాడు.

"అంతా తమరి అభిమానం," అన్నాడు వడ్రంగి, ఉబ్బిన పక్కని గోడవైపు తిప్పి పెడుతూ.

ఇక దాన్ని ఎలాగైనా కప్పెట్టాలి. ఒక భుజం జారిన పెద్దమనిషికి కోటు కుట్టేటప్పుడు, జారిన పక్క కాస్త దూది దూర్చి రెండోపక్క ఓ వేలెడు గుడ్డ వదిలితే మనిషి నిటారుగా కనిపిస్తాడు. ఏ దర్జీని అడిగినా చెప్తాడు. మనిషికి పనికొచ్చిన కిటుకు ఓడకెందుకు పనికిరాదు? వడ్రంగి మధ్యాహ్నం కునుకు తీస్తుండగా, టైలరు తెరచాపలన్నీ కుడివైపు వెడల్పుగా, ఎడంవైపు సన్నంగా కత్తిరించాడు. అలవాటుకొద్దీ చుట్టూరా కొంచెం గుడ్డ ఎక్కువ వదిలాడు కూడా. ఎదిగే పిల్లలకీ ఒళ్ళు చేసే పెద్దలకీ అలాగే వదులుతారు మరి. ఓడలు ఒళ్ళు చెయ్యవని ఆ సమయానికి తట్టలేదు. కుట్టి చూస్తే, తాత చొక్కా మనవడికి తొడిగినట్టుంది.

వడ్రంగి లేచి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఎంత ఉదారంగా కుట్టారు బావగారూ!" అన్నాడు.

మర్నాడు టైలరు కునుకు తీసి లేచేసరికి స్తంభాలు పెరిగాయి. నక్షాలో జానెడున్నవి మూరెడయ్యాయి. పైగా వెడల్పు గుడ్డకి చోటివ్వాలని కాబోలు, మూడూ కుడికి వాలి నించున్నాయి. "పాపం, చూపు మందగించినట్టుంది," అని టైలరు జాలిపడ్డాడు. ఆ మాట పైకి అనకుండా, తాళ్ళు దూర్చే కన్నాలన్నీ ఎడమకి మార్చి మళ్ళీ కాజాలు కుట్టాడు. తాళ్ళు ఎడమకి లాగుతున్నాయని వడ్రంగి చుక్కానిని కుడికి జరిపాడు. చుక్కాని కుడికి జరిగిందని టైలరు వెనక తెరచాపకి ఓ కుచ్చు పెట్టాడు. అలా ఒకాయన నిద్రపోవడం, రెండో ఆయన మర్యాద చెయ్యడం. ఈ లోకంలో శత్రువులు పాడుచేసిన పనులకన్నా మర్యాదస్తులు పాడుచేసినవే ఎక్కువని నా అనుమానం.

కొన్నాళ్ళకి ఫ్యాను వెయ్యడానికి కూడా లేకుండా పోయింది. గాలి తగిలితే చాలు, ఆ డేరాల్లాంటి తెరచాపలు ఉబ్బి ఓడ బల్లమీద నడక సాగించేది. ఒకసారి అంచుదాకా వెళ్తే ఇద్దరూ ఒకేసారి దూకి పట్టుకున్నారు. దాంతో ఫ్యాను కట్టేసి పనిచేశారు.

"ఉక్కగా ఉందా బావగారూ?"

"అబ్బే, చల్లగా ఉంది. మీకో?"

"నాకైతే కాస్త చలేస్తోంది."

ఇద్దరి చొక్కాలూ పిండితే బకెట్టు నిండేది.

ఓడ పూర్తయింది. సాయంత్రం కూతురు ఇంటికి రాగానే దాన్ని చూసి చెప్పులు విప్పడం మర్చిపోయింది. అల్లుడు ఇటువైపు నుంచి చూసి, అటువైపు నుంచి చూసి, తలొంచి కూడా చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "భలే ఉంది!" అన్నారు.

అంతటితో బల్లమీద పెట్టేసి ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ పొగిడిన నోరు ఊరుకోదు కదా. "ఆదివారం నీళ్ళలో వదులుదాం!" అన్నాడు అల్లుడు.

ఆదివారం పెరట్లో, దుప్పట్లు ఉతికే పెద్ద టబ్బు నిండా నీళ్ళు పట్టారు. అల్లుడు ఫోను పట్టుకుని వీడియోకి సిద్ధంగా నించున్నాడు. వియ్యంకులిద్దరూ ఓడని చెరోపక్క పట్టుకుని నీటిమీద పెట్టి, చేతులు వదిలారు. ఓడ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత కుడివైపుకి ఒరిగి, తెరచాపలతో సహా పడుకుంది. కుడితిలో పడ్డ ఎలుక కూడా అంతకన్నా కాసేపు కొట్టుకుంటుంది.

నలుగురూ టబ్బులోకి తొంగిచూశారు.

"నీళ్ళు తిన్నగా లేనట్టున్నాయి," అన్నాడు వడ్రంగి చివరికి.

"అవునవును," అన్నాడు టైలరు. "పలచగా కూడా ఉన్నాయి."

"ఇది సముద్రంలో తిరిగే ఓడ కదా," అన్నాడు అల్లుడు. "మంచినీళ్ళు పడకపోవచ్చు." లోపలికి పరిగెత్తి ఉప్పు డబ్బా తెచ్చి టబ్బులో గుమ్మరించి, చేత్తో కలిపాడు. కూతురు అడ్డుపడబోయి, మామగారు అక్కడే ఉన్నాడని ఆగిపోయింది. మళ్ళీ వదిలారు. ఓడ ఈసారి ఆలోచించను కూడా లేదు.

వడ్రంగి తడిసిన ఓడని రెండు చేతులా ఎత్తుకుని, తలొంచుకున్నాడు. "తప్పంతా నా చెక్కదే బావగారూ. మీ తెరచాపల్లో మాత్రం వంక పెట్టడానికి లేదు. అంత తిన్నని కుట్టు నేనింతవరకూ చూళ్ళేదు."

ఓడ మునిగితే టైలరు సహించాడు. ఉప్పు దండగైతే సహించాడు. కానీ జీవితమంతా సూదీ దారంతో బతికినవాడు, తన వంకర కుట్టుని ఒకడు తిన్నగా ఉందంటుంటే ఎలా సహిస్తాడు? నోటి బొత్తాం టప్పున తెగింది.

"తిన్నగా ఉందా? ఏ కళ్ళతో చూశావయ్యా? కుడివైపు జానెడు, ఎడంవైపు బెత్తెడు, దాన్ని తిన్నగా అంటారా? వంకరగానే కుట్టాను! కావాలనే కుట్టాను! ఎందుకో తెలుసా? నీ ఓడకి పొట్టుంది కనుక! అది కనబడకుండా చెయ్యడానికి చచ్చీ చెడీ ఈ వెధవ కుట్టు కుట్టాను! ఆపైన ఆ స్తంభాలేమిటి? తాటిచెట్లు పాతావా?"

కూతురు నుదురు కొట్టుకుంది. వడ్రంగి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ఇంకా ఎర్రబడింది.

"పొట్ట నీకు మొదటిరోజే కనబడిందా?" అన్నాడు. "మరి 'ఏం ఒంపు' అన్నావేం? ఆ రోజే చెప్పి చస్తే బద్దలు ఊడదీసి మళ్ళీ అతికించేవాణ్ణిగా! స్తంభాలు ఎవరికోసం పెంచాననుకున్నావ్? ఓడకి తెరచాప కుట్టమంటే సర్కసు డేరా కుట్టిపెట్టావు! అది నిలబడాలంటే తాటిచెట్లే కావాలి!"

"డేరా అని అప్పుడే అనలేకపోయావా?"

"ఎలా అంటాను? మావాడు దణ్ణం పెట్టి మరీ చెప్పాడు, మామగారిని ఏమీ అనొద్దని!"

"నాకూ మా అమ్మాయి దణ్ణమే పెట్టింది!"

ఇద్దరూ ఒకేసారి పిల్లలవైపు తిరిగారు. కూతురు మబ్బుల్ని చూస్తోంది. అల్లుడు బాగానే ఉన్న ఫోనుని బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాడు.

వడ్రంగి ఓడని టైలరు చేతుల్లో పెట్టేసి, మోకాలు పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. గది తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత సూట్‌కేసు మంచమ్మీదకి లాగిన చప్పుడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని టైలరు చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాడు. విని ఏం లాభం? తమ్ముడు పోయినప్పుడు పోనీలే అనుకున్నాడు, లెక్కల మాస్టారు పోయినప్పుడు పీడా పోయిందన్నాడు. ఇప్పుడు అలా అనుకోబుద్ధి కాలేదు. రేపు కాఫీ గ్లాసు పట్టుకుని ఎవరెదుట కూర్చోవాలో తల్చుకుంటే భయమేసింది. నీళ్ళోడుతున్న ఓడని అలాగే చంకలో పెట్టుకుని గదివైపు నడిచాడు.

మంచమ్మీద సూట్‌కేసు తెరిచి ఉంది. దాన్నిండా మడతపెట్టిన చొక్కాలు. వడ్రంగి అటు తిరిగి నించుని ఉన్నాడు.

"బావగారూ, బుద్ధి గడ్డి తింది," అన్నాడు టైలరు. "కావాలంటే నన్ను ఇంకో నాలుగు మాటలనండి. వెళ్ళొద్దు."

"మళ్ళీ అండీగిండీ మొదలెట్టావా?" అన్నాడు వడ్రంగి తల తిప్పకుండానే. చొక్కా ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాడు. దానిమీద ఇంకోటి పెట్టుకున్నాడు. చొక్కాలు సూట్‌కేసులోకి వెళ్ళడంలేదని, అందులోంచి బయటికి వస్తున్నాయని టైలరు అప్పుడు చూశాడు.

"వచ్చిన దగ్గర్నుంచీ ఇందులోంచే తీసి తొడుక్కుంటున్నా," అన్నాడు వడ్రంగి. "అందరూ నవ్వుతూ మాట్లాడతారు, మంచి కుర్చీలో నన్నే కూర్చోమంటారు, ఏం చేసినా ఆహా అంటారు. అయితే నేను చుట్టాన్నే, ఇవాళో రేపో బయల్దేరాలి అనుకున్నా. చుట్టాన్ని ఎవరు తిడతారు? ఇంట్లోవాణ్ణే తిడతారు. ఇవాళ తిట్టావు."

టైలరుకి సంతోషమొచ్చింది. దానితోపాటు ఏడుపూ వచ్చింది. రెంటినీ ఏం చేసుకోవాలో తెలీక ఓడని కిటికీలో పెట్టి, బీరువా తెరిచి, పై అరలో ఉన్న తన కోట్లన్నీ తీసి మంచమ్మీద పడేశాడు.

వడ్రంగి చొక్కాలు ఆ అరలో పేర్చి, బీరువా తలుపు మూయబోయాడు. అది సగంలో పట్టేసింది. తోశాడు. కిర్రుమంది గానీ కదల్లేదు.

"ఈ తలుపు ఎవడు చేశాడో గానీ వాడికి ఉలి పట్టుకోవడం రాదు," అన్నాడు. "వచ్చిన రోజే చూశా. చెప్పలేక లోలోపల చస్తున్నా."

"చూసినవాడివి ఇంకా నించున్నావేం?" అన్నాడు టైలరు, ముక్కు ఎగబీలుస్తూ. "బాగుచెయ్యి."