నలభై ఒకటో నంబరు బిడ్డ

నాకు ఇప్పుడున్న భయం ఒకటే. పుట్టి ఆరు రోజులైన ఒక ఆడబిడ్డకు పసిరికలు, అంటే పచ్చకామెర్లు, ముదిరిపోతుంటే, పొద్దుటెండలో పడుకోబెడితే అవే తగ్గుతాయని ఇంట్లోవాళ్లు ఊరుకుని ఉంటారేమో అని. ఆ బిడ్డది ఏ ఊరో నాకు తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే.

హిందూపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించినా, కంప్యూటర్లో పేర్లు ఎక్కించడం ఇక్కడికొచ్చాక నేర్చుకున్నాను. పెనుకొండలో, ధర్మవరంలో మా ల్యాబుకు చెరొక గది ఉంది. మూడుచోట్ల వివరాలూ మా దగ్గరున్న పెద్ద కంప్యూటర్‌కే, అంటే సర్వర్‌కే, చేరతాయి. వచ్చినవాళ్లకు నంబరు చీటీ ఇచ్చి, అదే నంబరు రక్తం సీసా మీద అంటిస్తాం. ఆ నంబరు ఎవరిదో, వాళ్లది ఏ ఊరో సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి సర్వర్ మందగించింది. ఖాళీ మెమరీ ఎంతుందో చూపే అంకె తెర మీద ఒకటుంటుంది. పొద్దున తెరిచేటప్పుడు ఎనిమిది వందలుండేది, పదకొండు దాటేసరికి ఇరవైకి పడిపోయేది. అలా పడితే మెమరీ నిండి పేర్లు చెరిగిపోతాయని, వెంటనే ఆపి మళ్లీ వేయమని మా ఓనరు చెప్పాడు. నెల రోజులుగా ఆపి వేస్తూనే ఉన్నాను. వేసిన ప్రతిసారీ గంటసేపు ఇంకా నత్తనడకే.

నిన్న పదకొండున్నరకు ఈరక్క అనే అవ్వ బిడ్డను చీరకొంగులో చుట్టుకుని వచ్చింది. బిడ్డ తల్లి పురిటి గడప దాటకూడదని ఇంట్లోనే ఉందట. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి తల్లి పేరూ ఊరూ ఫోన్ నంబరూ ఎక్కించి, నలభై ఒకటో నంబరు చీటీ ఇచ్చాను. రక్తం తీయగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. నాకూ ఇంట్లో ఐదు నెలల కూతురుంది. ఆ ఏడుపు వింటూనే నా రవిక తడిసింది. బిడ్డను నాకివ్వమని చేతులు చాచాను.

"ఇయ్యక ఏం జేస్తా తల్లీ," అంది ఈరక్క. "నా దగ్గర కరువు పడి ముప్పై ఏండ్లాయ."

సర్వర్ ఉన్న మూలలో కూర్చుని పాలిస్తూ తెర చూశాను. పద్దెనిమిది. ఆఖరున ఎక్కించిన ఈ బిడ్డ వివరాలే ముందు పోతాయనిపించింది. ఆపుదామని ఒక చేత్తో మీటలు నొక్కితే తెర కదల్లేదు. బిడ్డను కాపాడుతున్నాననే అనుకుని, వంగి గోడకున్న వైరు పీకేశాను. బిడ్డ పాలు తాగుతూనే ఉంది.

రిపోర్టుకు రేపు పొద్దునే వస్తానని అవ్వ పెనుకొండ బస్సుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి ధర్మవరం నుంచి శామ్యూల్ అన్న వచ్చాడు. మూడుచోట్లా కంప్యూటర్లు చూసేది ఆయనే. ఖాళీ అంకె పక్కన, నేను ఎన్నడూ పట్టించుకోని ఇంకో అంకెను వేలుపెట్టి చూపించాడు. ఒకసారి చదివిన ఫైళ్లను, మళ్లీ అడిగితే వెంటనే ఇవ్వడానికి సర్వరే మెమరీలో దాచుకుంటుందని, దాన్నే క్యాష్ అంటారని చెప్పాడు. నాకు బుర్రకెక్కలేదు.

"మీ వీధికి నీళ్లు ఎన్నాళ్లకొస్తాయి యశోదా?" అన్నాడు.

"పది దినాలకొకతూరి. వస్తే అన్నం గిన్నె గూడా ఇడిసిపెట్టకుండా నింపుకుంటాం."

"మల్ల అన్నం వండాలంటే?"

"ఆ గిన్నెలో నీళ్లు పారబోసి ఎసరు పెడతా."

"ఇదీ అంతే. ఖాళీ గిన్నె కనపల్లేదని నువ్వు దినామూ ఇంట్లో బిందెలన్నీ బోర్లిస్తాండావు. మల్ల నింపుకునేదానికే దానికి గంట పడతాండాది."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, పొద్దున వైరు పీకిన సంగతీ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పీకినావా? ఆపలేదా?"

కొత్తగా ఎక్కించినవి, సేవ్ నొక్కాక కూడా, కాసేపు మెమరీలోనే ఉంటాయట. సాఫ్ట్‌వేర్ పెట్టిన మనిషి వేగం కోసం ఆ కాసేపును పది నిమిషాలు చేసి పోయాడట. పద్ధతిగా ఆపితే అన్నీ డిస్కులోకి రాసుకున్నాకే సర్వర్ ఆగుతుంది. వైరు పీకితే, రాసుకోనివన్నీ బోర్లించిన బిందెలో నీళ్లలా నేలపాలు.

పట్టిక తెరిచాను. నలభై ఉంది. దాని కింద నలభై రెండు ఉంది.

అప్పుడే లోపల పరీక్షలు చేసే రామాంజనేయులు తలుపు దగ్గరికొచ్చాడు.

"నలభై ఒకటి ఎవురిదమ్మా? పసిరికలు ఇరవై రెండు చూపిస్తాండాది. యాడుండారో పిలిపించు. మెదడుకెక్కితే కష్టం."

నా చేత్తో కొట్టిన పేరు నాకే గుర్తులేదు. ఊరి పేరు చివర పల్లి అని గుర్తు, అంతే. ఈ చుట్టుపక్కల పల్లి లేని ఊరేది? బస్టాండుకు పరుగెత్తాను. ఆ బస్సు పోయి ఎంతసేపో అయింది. శామ్యూల్ అన్న పెనుకొండ గదికి ఫోన్ చేశాడు. అక్కడివాళ్లు బస్టాండుకు వెళ్లి చూసినా అవ్వ కనపడలేదు.

ఇవాళ తెల్లవారినప్పటి నుంచి ల్యాబు గడపలోనే కూర్చున్నాను. పన్నెండయింది. ఈరక్క రాలేదు. నా రవిక రెండుసార్లు తడిసింది.

పెనుకొండ దోవలో పల్లెల్లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, మీ ఊళ్లో ఈరక్క ఇల్లుందేమో అడగండి. సన్నగా ఉంటుంది, పైపన్ను ఒకటి లేదు, ఇంట్లో బాలింత ఉంది. మైల అని గడప బయటే ఆగిపోకండి. లోపలికి పోయి ఆ బిడ్డ కళ్లు పచ్చగా ఉన్నాయేమో చూడండి. పాలు తాగుతున్నా సరే, ఆస్పత్రికి తీసుకుపొమ్మనండి. చీటీ లేకపోయినా పరవాలేదు. ఒక్కసారి పోయి చూడండి.