మచ్చు కాయలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అందరూ అంటారు. పొద్దస్తమానం ఎండుమిర్చి పొడి కొట్టి పరీక్షలు చేసే మనిషి ముక్కు మీద కోపం కాక సన్నజాజులు పూస్తాయా? ఒంగోలు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పేరు లక్ష్మీదుర్గ. రెండువేల అయిదు, ఆరు ప్రాంతాల్లో నా బతుకు తుమ్ములతోనే గడిచింది. అదంతా జయపాల్ గారి టెంటు పుణ్యం.

జయపాల్ గారు మెకానికల్ లెక్చరర్. సొంతూరు కొత్తపట్నం పక్కన ఒక పల్లె. వాళ్లమ్మ ఇసుకలో చేపలెండబెట్టి సంతలో అమ్మేదట. ఎంత దులిపినా పంటికింద ఇసుక తగిలేదని కొన్నవాళ్లు మళ్లీ వారం వచ్చి తిట్టిపోసేవాళ్లట. ఆ తిట్లు వింటూ పెరిగినందుకో ఏమో, ఏదైనా శుభ్రంగా ఎండబెట్టడమంటే ఆయనకు పిచ్చి. పెళ్లి సంబంధాలు చూడటానికి వెళ్లినా మేడ మీద వడియాలు ఎట్లా ఎండుతున్నాయో చూసి వచ్చే రకం.

ఆయన పిచ్చికి తగ్గట్టు ఢిల్లీ నుంచి ఒక గ్రాంటు వచ్చింది. మా జిల్లాల్లో మిర్చి కోశాక కళ్లంలో, అంటే చదును చేసిన నేల మీద, పరిచి ఎండబెడతారు. పగలు దుమ్ము, రాత్రి మంచు. పైకి గలగలమన్నా లోపల చెమ్మ మిగిలిన కాయలో బూజు పుడుతుంది. ఆ బూజులో విషం ఉంటుంది. విదేశాలకు పోయిన సరుకు ఆ విషం ఉందని తిరిగి వస్తోంది. నేల తగలకుండా, మంచు పడకుండా, ఎండ వేడితోనే కాయ ఎండే ఏర్పాటు చెయ్యాలి. అదీ పని. మూడు డిపార్టుమెంట్లు కలిసి చెయ్యాలని షరతు. టెంటు కట్టడం ఆయన పని, విషం కొలవడం నా పని. ఎలక్ట్రానిక్స్ నుంచి లక్ష్మీకాంత్ అనే కుర్ర లెక్చరర్ ఫ్యాన్లకు ఒక సర్క్యూట్ పెట్టి, కాగితం మీద పేరు ఎక్కగానే మళ్లీ మొహం చూపించలేదు.

మార్టూరు దాటాక ఒక ఊళ్లో వెంకటరావమ్మ గారి కళ్లం పక్కన టెంటు వేశాం. ఇనప కమ్ముల మీద పాలిథిన్ షీటు, లోపల నల్లరంగు వేసిన జల్లెడ బల్లలు, ఈ చివర ఆ చివర సోలార్ పలకలతో తిరిగే ఫ్యాన్లు. ఆవిడ భర్త బాపయ్య గారు గుంటూరు మిర్చి యార్డుకూ ఇంటికీ మధ్య తిరుగుతుంటారు కాబట్టి సేద్యం మొత్తం ఆవిడ చేతి మీదే. కాయలు కోసి, ఎండాక ఏరే ఆడకూలీల ముఠాకు పెద్ద ఎలీసమ్మ. ఆదివారం చర్చిలో పాట అందుకున్నా, మిగతా రోజుల్లో ఎవర్నైనా కేకేసినా ఒకటే గొంతు. వాళ్లంతా దాన్ని ‘సారు టెంటు’ అనేవారు. జయపాల్ గారిని మాత్రం ఇంటి అల్లుడి కంటే ఎక్కువ చూసుకునేవారు. ఆయనా అంతే. ఎవరి మందుచీటీ ఇచ్చినా చదివి పెట్టేవారు, ఎవరి పంపు చెడినా స్పానర్ పట్టుకుని దిగిపోయేవారు.

టెంటు కట్టి సరిచేసుకునేసరికి మూడేళ్లు పట్టింది, నాలుగో ఏడు పరీక్షకు దిగాం. పద్ధతి చాలా తేలిక. ఒకే చేను, ఒకే కోత. సగం కాయ టెంటులో, సగం కళ్లంలో ఎండాలి. రెండింటి నుంచి కొంత కొంత తెచ్చి నేను పొడి చేసి, మందులో కడిగి, నల్లదీపం, అంటే అల్ట్రావయొలెట్ లైటు, కింద పెట్టి చూస్తాను. నీలంగా మెరిసిందంటే విషం ఉన్నట్టు. టెంటులో థర్మామీటర్లు చూడటానికి ఎట్లాగూ వెళ్లాలి కాబట్టి టెంటు కాయ ఆయనే తెచ్చేవారు, అదీ కళ్లు మూసుకుని బల్లల్లోకి చెయ్యి పెట్టి. కళ్లంలో కాయ ఎండేసరికి ఆయనకు క్లాసులుండేవి. అందుకని ఆ పని వెంకటరావమ్మ గారికి అప్పగించారు. ప్రతి కోతకూ కళ్లం నుంచి కాస్త మచ్చు తీసి సంచిలో కట్టి ఉంచమన్నారు.

మొదటి కోత ఫలితం చూసి నా దీపం చెడిందనుకున్నాను. కళ్లం కాయ కడిగిన ముత్యం. టెంటు కాయలో అక్కడక్కడా నీలం మెరుపు. రెండో కోతా అంతే. జయపాల్ గారు ఫ్యాన్లు విప్పి బిగించారు, షీటు మార్చారు, భోజనం బాక్సు మూత తియ్యకుండా ఇంటికి పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. మూడో కోత తర్వాత కమిటీ వస్తుంది. అప్పటికీ కళ్లమే నయమని తేలితే ప్రాజెక్టు మూసేసి, టెంటు విప్పి, సామాను కాలేజీ స్టోరుకు అప్పగించాలి. ఆ సోలార్ పలకల మీద మా ప్రిన్సిపాల్ గారికి అప్పటికే కన్ను పడింది.

“నాలుగేళ్లండీ మేడం. నేలే నయమని చెప్పడానికా ఇంత చేశాను?” అన్నారు ఒకరోజు నా ల్యాబ్‌లో కూర్చుని. నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపం వస్తుంది, కాబట్టి ముందు టీ తాగి మాట్లాడమని కసిరాను.

కళ్లం సంచిలో పొడి చెయ్యగా మిగిలిన కాయలున్నాయి. విషం లేదని నేనే తేల్చాను, పారెయ్యడమెందుకని తాలింపుకి ఇంటికి తీసుకెళ్లాను. మా అత్తగారు బసవమ్మ గారు చేటలో పోసుకుని ఒక్కో కాయ తిప్పి చూశారు. ఎక్కడివే ఇవి, యార్డులో మచ్చుకు పెట్టే కాయల్లా ఉన్నాయే అన్నారు.

గరిట పక్కన పడేశాను. చేట ముందు కూర్చుని అన్నీ చూశాను. ఒక్క తాలుకాయ లేదు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. చెమ్మా బూజూ ముందు పట్టేది దానికే. తాలు లేని కళ్లం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మా పుట్టింటి వాళ్లదీ మిరప సేద్యమే. అయినా ఇన్నాళ్లూ ఆ కాయల్ని గ్రైండర్లో పోశానే తప్ప వాటి మొహం చూసిన పాపాన పోలేదు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. వెంకటరావమ్మ గారు ఎప్పటిలాగే మంచం వాల్చి మజ్జిగ ఇచ్చారు. సంచిలో కాయలు ఎవరు పోశారని అడిగాను. ఆవిడ, ఎలీసమ్మ మొహమొహాలు చూసుకుని మురిసిపోయారు.

“మేమేనమ్మా. ముఠా అంతా ఒక పూట కూచుని ఏరాం. సారు మచ్చు అడిగితే పిచ్చికాయ ఇస్తామా? పైవాళ్లు చూస్తారంట గదా, సారుకి పేరు రావాల గదా,” అన్నది ఎలీసమ్మ.

అదీ సంగతి. జయపాల్ గారు సముద్రం ఒడ్డు మనిషి. మచ్చు అంటే శాంపిల్ అని ఏ పుస్తకంలోనో చదువుకున్నారు. మిర్చి పండించే ఊళ్లో మచ్చు అంటే యార్డులో కొనేవాడి ముందు దోసిట్లో పోసి చూపించే కాయ. బస్తాల్లో ఏమున్నా మచ్చు మాత్రం మెరవాలి. పెళ్లిచూపుల్లో పిల్లకు కట్టిన పట్టుచీర లాంటిది. అది చూసి ఇల్లు ఎట్లా ఉంటుందో లెక్క కట్టారు ఈయన.

ఆయన కోప్పడలేదు. ఆ కోపం కూడా నేనే పడ్డాను. ఆయన నేల మీద చతికిలబడి, మంచి చెడు కలిపి, చూడకుండా, చేతికి ఏది వస్తే అది తియ్యాలని చాలాసేపు చెప్పారు. వాళ్లు బుద్ధిగా తలలూపారు. అంతా విన్నాక వెంకటరావమ్మ గారు ఒకటే అడిగారు. “అయితే కళ్లం కాయ బాగుంటే టెంటు పీకేస్తారా సారూ?”

పీకేస్తారని ఆయన నిజం చెప్పారు. మూడో కోతకు తానే వస్తానని కూడా చెప్పారు.

వెళ్లారు కూడా. కానీ యార్డులో రేటు పెరిగిందని బాపయ్య గారు కబురు పెడితే, ఆ ముందురోజే కళ్లం ఊడ్చి బస్తాలు లారీకెత్తేశారు. సారుకి శ్రమెందుకని సంచి మాత్రం కట్టి అరుగు మీద పెట్టారు. అడిగితే, మీరు చెప్పినట్టే తీశాం, దిగులు పడొద్దన్నారట.

ఆ సంచి నా బల్ల మీద విప్పగానే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. అంతా తాలే. తెల్లవి, నల్లమచ్చవి, తొడిమ ఊడి లోపల బూజు పట్టినవి, ఎవరింటి గొడ్ల చావడి పక్క నుంచి తెచ్చారో తడిసి ముద్దయినవి. ఎర్రకాయ మచ్చుకైనా లేదు. నల్లదీపం కింద పెడితే ఒకటే నీలం. మళ్లీ ఒక పూట కూర్చుని ఏరి ఉంటారు, ఈసారి చెత్తంతా.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాసెయ్యండన్నాను. రెండుసార్లు అటు అబద్ధమైంది, ఒకసారి ఇటు అయితే మునిగిపోయేదేమీ లేదు, టెంటు నిలబడుతుందన్నాను. ఇప్పటికీ ఆ సలహా ఇచ్చినందుకు నాకేం సిగ్గు లేదు. ఆ టెంటు పని చేస్తుందని నాకు తెలుసు. మచ్చు కాయతో పోటీ పెడితే ఏ టెంటు గెలుస్తుంది?

జయపాల్ గారు ఆ నీలాన్ని చాలాసేపు చూశారు. ఆయనకు ఆశ లేదని నేను అనను. చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది కూడా.

“మా అమ్మ బుట్టలో పైన మంచి చేపలు పెట్టి, ఇసుకవి కింద పెట్టేది మేడం,” అన్నారు చివరికి. “కొన్నవాళ్లకు ఇంటికెళ్లాక తెలిసేది. వారం వారం వచ్చి తిడుతుంటే నేను ఆవిడ కొంగు వెనకాల దాక్కునేవాణ్ణి.”

ఆ సంచి మూతి కట్టేశారు. కమిటీ ముందు నిలబడి, కళ్లం కాయ శాంపిల్ మూడుసార్లూ తప్పే, అందులో తప్పు నాదే, పోల్చి చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు అన్నారు. ఇన్నేళ్లలో ఒక్క శాంపిల్ సరిగ్గా తియ్యలేకపోయారా అని వాళ్లలో పెద్దాయన అడిగారు. నేను ఏదో అనబోతే జయపాల్ గారు నా కాలు తొక్కారు. ప్రాజెక్టు మూసేశారు.

వేసవి మొదట్లో టెంటు విప్పడానికి లారీ వేసుకుని వెళ్లాం. దారి పొడుగునా ఆయన భుజాన సంచి, చేతిలో తనే కొన్న స్పానర్ల సెట్టు. దిగి చూస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. షీటు పైకెత్తితే బల్లల నిండా ఎర్రగా కాయలు. ఒక్కో బల్లకు ఒక్కో గుడ్డపీలిక కట్టి ఉంది, చీర అంచులవి, లుంగీ ముక్కలవి. ఇన్ని ఎవరివని అడిగారు జయపాల్ గారు.

వెంకటరావమ్మ గారు ఇబ్బందిగా ముందుకొచ్చారు. పీకేస్తారని తెలుసు గానీ ఇంకో రెండ్రోజులు ఆగమని బతిమాలారు. ఊళ్లో అందరి ఇళ్లవీ ఉన్నాయట. ఎలీసమ్మ వాళ్ల పల్లెవి కూడా, ఆ చివరి బల్లల మీద.

“ఇంటి కాయలండి. ఏడాదికి కారం కొట్టుకోవాల, పచ్చళ్లు పెట్టుకోవాల.”

“మరి కళ్లం ఖాళీగానే ఉంది కదమ్మా.”

“కళ్లంలో కుక్కలు పొర్లుతయ్యి, మంచు పడుద్ది. అమ్ముకునే కాయ ఎట్టా ఎండితేనేం సారూ. ఇది పిల్లలు తినే కాయ గదా.”

ఇది ఎప్పటి నుంచని నేను అడిగాను. టెంటు వేసిన ఏడు నుంచేనట. మీరు లేనప్పుడు వాడుకుంటున్నామని తెలిస్తే సారు ఏమనుకుంటారోనని చెప్పలేదట. అదీ వాళ్ల భయం. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీదా, కమిటీ మీదా, నా నల్లదీపం మీదా. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిర్చి ఘాటని అనుకుని ఉంటారు.

జయపాల్ గారు అలవాటుగా కళ్లు మూసుకుని దగ్గరి బల్లలోకి చెయ్యి పెట్టబోయారు. మధ్యలో తెలివొచ్చినట్టు వెనక్కి తీసుకున్నారు. ఎలీసమ్మ అది చూసింది. తన బల్ల మీది కాయలు రెండు దోసిళ్లు ఆయన సంచిలో పోసింది. మంచీ చెడూ చూడలేదు, ఏరలేదు.

“మచ్చుకి కాదయ్యా,” అన్నది. “ఇంటికి.”

ఆయన సంచి గుండెలకు హత్తుకున్నారు. తర్వాత లారీని ఖాళీగా వెనక్కి పంపేశారు.

సామాను ఎందుకు తేలేదో రాసివ్వమని స్టోరువాళ్లు అడిగారు. నా బల్ల దగ్గరే కూర్చుని ఆయన ఒక్క ముక్క రాశారు. ‘టెంటు ఊరివాళ్ల వాడకంలో ఉంది. విప్పడం కుదరలేదు.’ రాసి, సంతకం చేసి, నన్ను కూడా చెయ్యమని కాగితం నా వైపు తిప్పారు. నేను చేశాను. ఆ రోజు ఆయన భోజనం బాక్సు మూత తీశారు.