పదీ ముప్పావు రెట్లు

పాత నీటిరంగుల పటం మీద యాభై లక్స్‌కి మించి వెలుగు పడకూడదన్నది మ్యూజియం వాళ్లు పెట్టిన ఒకే ఒక్క షరతు. మించితే నదులకు వేసిన నీలం వెలిసిపోతుందట. ఫొటోలు తీయడానికి వచ్చిన అమ్మాయి, వెలుగు కొలిచే తన మీటరు చెడిపోవడంతో బాబాయిది అడిగి తెచ్చుకుంది. పొద్దున్నే దాన్ని పటం పక్కన పెట్టి, ముల్లు యాభై మీద నిలిచేదాకా దీపాలు జరిపి పని మొదలుపెట్టింది.

పెద్ద పటం కావడంతో పన్నెండు భాగాలుగా తీయాలి. గంటన్నరకి ఏడు అయ్యాయి. వివరాలు పుస్తకంలో ఎక్కిస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. షట్టరు సెకనులో మూడో వంతు అని ఉంది. యాభై లక్స్ గుడ్డివెలుగులో మూడు సెకన్లైనా పట్టాలి కదా?

వెంటనే దీపాలు ఆర్పేసి, నడవాలోకి వెళ్లి బాబాయికి ఫోన్ చేసింది.

“ఈ మీటరు చూపించేది లక్సేనా బాబాయ్?”

“లక్స్ ఎక్కడిదే తల్లీ? అది పాతకాలపు కొలత, ఫుట్ క్యాండిల్స్. పదీ ముప్పావుతో హెచ్చవేస్తే లక్స్ వస్తుంది. వెనకాల చీటీ అంటించానుగా?”

తిప్పి చూసింది. చీటీ ఊడిపోయి జిగురు మరక మిగిలింది. యాభైని హెచ్చవేస్తే ఐదు వందల ముప్పై ఏడున్నర వచ్చింది. మళ్లీ వేసినా అంతే.

గదిలోకొచ్చి పటం మీదకు వంగింది. నీలం పొద్దున ఇంతకన్నా ముదురుగా ఉండేదేమో, తేల్చుకోలేకపోయింది. దీపాలు దూరం జరిపి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనకి తనకే ఒళ్లు జలదరించింది. పక్కగదిలో, పాత కాగితాల బాగోగులు చూసే పెద్దావిడ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేసింది.

ఆవిడ తిట్టలేదు. దాంతో భయం రెట్టింపైంది. దీపాలు ఎప్పుడు వేసిందీ ఎప్పుడు ఆర్పిందీ నిమిషాలతో సహా అడిగి, లక్స్‌ని గంటలతో హెచ్చవేసి చూసుకుంది. ఎనిమిది వందల పైచిలుకు. ప్రదర్శనలో రోజుకి ఎనిమిది గంటలు యాభై లక్స్‌లో ఉంటే నాలుగు వందలే.

“రెండు రోజుల వెలుగు గంటన్నరలో వాడేశావమ్మా.”

“రంగు పోయిందాండీ?”

“కంటికి కనిపించదు. కనిపించేనాటికి మనం చేయగలిగిందేమీ ఉండదు. అందుకే లెక్క రాస్తాం.”

ప్రదర్శన తేదీల్లోంచి రెండు రోజులు కొట్టేసి, తన మీటరు తీసుకుని ఆవిడే గదిలోకి నడిచింది. దీపాలు చాలా దూరం జరిపాక గానీ యాభై లక్స్‌కి రాలేదు. మిగిలిన ఐదు భాగాలకీ షట్టరు మూడేసి సెకన్లు తెరిచి ఉంచాల్సి వచ్చింది. తెరిచిన ప్రతిసారీ అమ్మాయి ఊపిరి బిగబట్టింది. పెద్దావిడ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, చివరి భాగం అయ్యేదాకా కదలలేదు.