పసుపు వెలుగులో లోవమ్మ చెయ్యి

కెమెరా కొన్నది మా ఆయన. ఊరొదిలి వెళ్లిపోతున్న దొర ఒకడు సామాన్లు వేలం వేస్తుంటే మోజుపడి తెచ్చి, గాజుపలకలు కొన్ని పాడుచేసి, విసుగుపుట్టి అటకెక్కించిందీ ఆయనే. దాన్ని కిందికి దించింది నేను. "బాలాంబా, అది వంటింటి సామాను కాదే" అని వెక్కిరించారు. నాకు ఒళ్లు మండింది. పెట్టెలో ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఆయన చేతే చదివించి, అర్థం చెప్పించుకుని మరీ నేర్చుకున్నాను.

నర్సీపట్నంలో ఆడవాళ్లు మగాడి ముందు బొమ్మకి కూర్చోరు. నా ముందయితే కూర్చుంటారు గానీ పెరట్లో మాత్రం కాదు, గోడమీంచి తొంగిచూసే తలకాయలు ఎక్కువ. కాబట్టి ఇంట్లోనే తియ్యాలి. ఇంట్లో వెలుగెక్కడిది? మెగ్నీషియం పొడి వెలిగిస్తే పట్టపగల్లా ఉంటుందిట గానీ, దాని ఖరీదు చెప్పగానే మా ఆయన ముఖం మాడిపోయింది. పైగా మాది తాటాకు ఇల్లు. అందుకని ఉత్తరపు కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి, రెండోవైపు దండెంమీద ఆయన తెల్లపంచె ఆరేశాను. కిటికీ వెలుగు పంచెమీద పడి, తిరిగి నీడవైపు చెంపమీదికి వచ్చేది. పైసా ఖర్చు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెంలో ఉండగానే రోలుగుంట నుంచి లోవమ్మ, ఆమె మొగుడు సింగన్న వచ్చారు. చెరకు పండించే రైతులు. లోవమ్మ ముఖానికి పసుపు రాసుకుని, నీలం కోక కట్టుకుని కళకళ్లాడుతూ ఉంది.

"నా సెయ్యి బొమ్మ తియ్యాలమ్మగారూ" అంది.

చేతికి బొమ్మేమిటని ముందుకి వంగి చూశాను. ముంజేతిమీద పచ్చబొట్టు, మూడక్షరాలు: దేవుళ్లు. పక్కన నిలబడ్డ మొగుడి పేరేమో సింగన్న. నా నోరు ఊరుకుంటుందా? అడిగేశాను.

దేవుళ్లు ఆమె మొదటి మొగుడు. పెళ్లయిన కొత్తలోనే కూలికని రంగూన్ వెళ్లి, అక్కడే జ్వరంతో పోయాడు. తరవాత సింగన్నతో మారుమనువు. వాళ్లలో అది తప్పేం కాదు. కాని మారుమనువాడిన మనిషి పాత అత్తింటి గడప మళ్లీ తొక్కకూడదు. ఆ అత్త యలమంచిలిలో ఒంటరిగా ఉంటోంది. మనువుకి ముందు లోవమ్మ జీడిపిక్కల రసం పోసి ఆ పేరు కాల్చేసుకుందని ఎవరో ఆవిడ చెవిన వేశారు.

"మా యత్త నన్ను కూతురికన్నా బాగా సూసుకున్నాదమ్మా. ఆ పాడు మాట నమ్మి మంచం పట్టినాదంట. నా సెయ్యి ఒక్కసారి సూస్తే సాలు. నేనెల్లకూడదు. బొమ్మెల్లొచ్చు కదా?"

బొమ్మకి గడప పట్టింపేమిటి! నాకు భలే నచ్చింది. చెయ్యి ఎవరిదో తెలియాలి కాబట్టి ముఖమూ చెయ్యీ కలిపి తీశాను. అదే కిటికీ, అదే పంచె.

కాగితంమీద అచ్చు తీసి చూశాను. చెయ్యి నున్నగా ఉంది. పేరు లేదు.

సంతరోజున వాళ్లొస్తే చూపించక తప్పలేదు. లోవమ్మ బొమ్మ వంక చూసింది, తన చేతి వంక చూసింది, కొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్లీ చూసింది. "ఆడే తీసేసుకున్నాడమ్మా. నా మీద కోపమొచ్చి ఆడి పేరు ఆడే తీసేసుకున్నాడు" అని బావురుమంది.

సింగన్న బొమ్మ అందుకుని చూశాడు. "ఇది గానీ ముసల్దాని కంటబడితే, కాల్చుకున్నాదన్న మాట నిజమైపోద్దండి" అన్నాడు మెల్లగా.

మనిషి పక్కనే ఏడుస్తోంది, నాకేమో ధ్యాసంతా బొమ్మలోని కోకమీద పడింది. కట్టుకొచ్చింది నీలం కోక, బొమ్మలో ఉన్నది తెల్లకోక. పసుపు రాసుకున్న ముఖమేమో మసి పూసినట్టుంది. ఇదేం వింత? ఈ పలకకి నీలమంటే ప్రాణం, ఎక్కడ కనబడ్డా తెల్లగా చేసి కూర్చోబెడుతోంది. పసుపంటే గిట్టదు. పచ్చబొట్టులో ఉన్నది నీలమే కదా, అదీ తెల్లబడి ఒంటిచాయలో కలిసిపోయింది!

"దేవుళ్లు తియ్యలేదే పిచ్చిదానా, నా కిటికీ తీసింది" అన్నాను. కిటికీలోంచి వచ్చేది ఆకాశపు వెలుగు, దాన్నిండా నీలమే. ఆ నీలాన్ని వడకట్టేస్తే?

మా ఆయన పుస్తకం తిరగేసి, అలాంటి పనికి పసుపు అద్దం ఉంటుందనీ, మద్రాసు నుంచి తెప్పించాలనీ పెద్దమనిషిలా సెలవిచ్చారు. మద్రాసెందుకు, పోపులపెట్టెలో లేదూ? ఆయన చిరిగిన మల్లు ఉత్తరీయం పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టి కిటికీకి కట్టాను. తెల్లపంచె తీసేసి, చింతపండేసి తోమిన ఇత్తడి పళ్లెం చేతివైపు తిప్పి నిలబెట్టాను. గదంతా పెళ్లివారిల్లులా పచ్చబడింది. చేతిమీది మూడక్షరాలూ ఎప్పుడూ లేనంత నల్లగా కనిపించాయి.

కాని గుడ్డ అడ్డంపడి వెలుగు తగ్గిపోయింది. చాలాసేపు కదలకుండా ఉంటే గానీ పలకమీద ఏదీ పడదు. లోవమ్మకేమో వణుకు. ఈసారీ పేరు రాకపోతే ఎలాగని భయం. ఒక పలక పాడయింది. రెండోదీ పాడయింది. ఇంకొక్కటే మిగిలింది.

అప్పుడు సింగన్న వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, ఆ చేతికింద తన అరచెయ్యి పెట్టాడు.

"నీ చెయ్యి కూడా బొమ్మలో పడుతుందయ్యా" అన్నాను.

"పడనీండమ్మా. అది కదలకండా ఉంటే సాలు."

మర్నాడు ముగ్గురం పెరట్లో కూర్చుని, అచ్చుకాగితాన్ని పలక కింద బిగించి ఎండలో పెట్టాం. మధ్యమధ్య ఓ మూల ఎత్తి చూస్తున్నాం. ముందు కాటుక మరకలా కనిపించింది, తరవాత దే, తరవాత మిగతా రెండూ. లోవమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉన్నాడు" అంది. నాకు చెప్పలేనంత ఆనందమేసింది.

బొమ్మ పట్టుకుని సింగన్నే యలమంచిలి వెళ్లాడు. తిరిగొచ్చేదాకా నాకు మనసు మనసులో లేదు. రాగానే లోవమ్మని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ముసల్ది బొమ్మని కళ్లకాడికెట్టుకుని సూసినాదమ్మా. ఎవులూ కాల్చుకోనేదు, ఎవులూ కాల్చుకోనేదు అని ఏడిసినాది. ఆనక, కింద ఈ సెయ్యెవలిదని అడిగినాది. బొమ్మ తెచ్చిన కూలోడినని సెప్పి వచ్చేద్దునా అనుకున్నాను. నోరు రానేదు. నాదేనమ్మా, అది వణికిపోతంటే పట్టుకున్నానని సెప్పేసినాను."

"ఏమంది? బేగి చెప్పవయ్యా!" వాళ్ల మాట నాకూ అంటుకుంది.

"నా సెయ్యి తీసుకుని, అటూ ఇటూ తిప్పి సూసినాది. 'మావోడి పేరు పడిపోకండా పట్టుకున్నావు గదరా బాబూ' అన్నాది. బొమ్మ ఇమ్మంటే ఇవ్వనేదు. 'ఇది నా కాడుంటాది, నువ్వు మనిసిని తీసుకురా. కూడదన్నోలుంటే నా ముందుకొచ్చి అనమను' అన్నాది."

లోవమ్మ వంక చూశాను. ఈ మాటలు ఆమె దారిలోనే విన్నట్టుంది, ముఖమంతా కన్నీళ్లు, అందులోనే నవ్వు. నాకూ ఆగలేదు, కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

"మజ్జిగ తాగి వెళ్లండి" అన్నాను.

"వొచ్చేటప్పుడు తాగుతామమ్మగారూ" అంటూ ఆమె అప్పుడే వీధిలో నిలిపిన బండెక్కేసింది. సింగన్న ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాడు. "బేగి రా, మా యత్త ఎదురుసూస్తాది" అని బండిలోంచి కేకేసింది.